ఊదారంగు రాతల పుస్తకం

ఈ రోజు దాదాపు అంతా ఒక్క పుస్తకం దగ్గరే గడిచింది. పాత పుస్తకాలు బాగుచేయడం నా పని. ఇది మదరాసులో అచ్చయిన వైద్య గ్రంథం. పులివెందుల వైపు ఒక పల్లెలో తరతరాలుగా వైద్యం చేసిన కుటుంబం మా యూనివర్సిటీ లైబ్రరీకి ఇచ్చిన ట్రంకుపెట్టెలో వచ్చింది. టైటిల్ పేజీ ఎప్పుడో పోయింది. ముందుమాట చివర 1911 అని ఉంది కాబట్టి వయసు తెలిసింది. పేజీ తిప్పబోతే మూల విరిగి అప్పడం ముక్కలా బల్ల మీద పడింది. ఆ ముక్కను కూడా పారెయ్యం. పేజీ నంబరు రాసిన చిన్న కవర్లో వేసి పెడతాం.

"పాత పుస్తకం కదా మేడం, అట్లే ఉంటాది" అంటారు చూసినవాళ్లు. ఆ మాట వింటే నాకు బాధేస్తుంది. గుడ్డపీలికలు నానబెట్టి చేసిన కాగితం మూడొందల ఏళ్లకు కూడా మెత్తగా వంగుతుంది. 19వ శతాబ్దం రెండో సగంలో మిల్లులు చెక్కగుజ్జుకు మళ్లాయి. చెక్కకు గట్టిదనం ఇచ్చే లిగ్నిన్ అనే పదార్థం చౌకరకం కాగితంలో అట్లాగే ఉండిపోయింది. సిరా పాకకుండా ఉండాలని పటిక, రోజిన్ అనే చెట్టు బంక కలిపారు. ఆ పటిక నుంచి పుట్టే ఆమ్లం లోపల్లోపలే నారను తుంచుకుంటూ పోతుంది. వేడి పెరిగేకొద్దీ ఆ పని ఇంకా జోరుగా సాగుతుంది. కడప ఎండల సంగతి వేరే చెప్పాలా? రోహిణి కార్తెలో అటక మీద ట్రంకుపెట్టెలో ఉన్న కాగితం ఏటేటా ఎంత ఉడికి ఉంటుందో! మన తాతలు చదువుకున్న తెలుగు పుస్తకాల్లో చాలా భాగం ఈ కాగితం మీదే అచ్చయ్యాయి. సరిగ్గా దాచిన తాళపత్రం ఇంకా నిలబడుతుందేమో గానీ, ఇవి మన కళ్లముందే పొడి అయిపోతాయని నా భయం.

పొద్దున చాచా వచ్చేసరికి పుస్తకం ఫోటోలు తీయడం అయింది. చాచా అంటే మా బైండింగ్ పెద్దాయన. ఏడు రోడ్ల దగ్గర చాలా ఏళ్లు షాపు నడిపి, కళ్లు, మోకాళ్లు సహకరించక మూసేసి, ఇప్పుడు వారంలో కొన్ని రోజులు మా దగ్గరికి వస్తున్నారు. పుస్తకం చేతిలోకి తీసుకోగానే ముందు వెన్ను చూశారు. తరవాత సగానికి తెరిచి, "ఇది ఊపిరి తీసుకోలేకుండా ఉందమ్మా" అన్నారు.

నిజమే. ఎవరో, ఎప్పుడో, మంచి మనసుతోనే రిపేరు చేయించారు. ఫారాలను, అంటే మడిచిన కాగితాల కట్టలను, మడత దగ్గర కుట్టకుండా, పక్కనుంచి దబ్బనంతో పొడిచి లావు దారంతో బిగించారు. అట్లా కుడితే గట్టిగా ఉంటుంది, పని తొందరగా అవుతుంది. మెత్తటి కొత్త కాగితానికైతే పరవాలేదు. పెళుసు కాగితానికి మాత్రం అది శిక్ష. పుస్తకం పూర్తిగా తెరుచుకోదు, పేజీ తిప్పిన ప్రతిసారీ కుట్టు వరసలోనే విరుగుతుంది. వెన్నుకు వడ్రంగులు వాడే తెల్ల బంక దట్టంగా పూశారు. పాత వజ్రం బంకైతే తడి పిండి పట్టు వేస్తే మెత్తబడి ఊడొస్తుంది. ఈ తెల్ల బంక ఒకసారి ఆరిందంటే నీళ్లకు కరగదు.

అన్నిటికన్నా నన్ను కలచివేసింది అంచులు. బైండింగ్ అయ్యాక మూడు వైపులా మిషన్‌లో పెట్టి కోసేశారు. పుస్తకం చూడ్డానికి నీటుగా వచ్చింది. కానీ ఆ అంచుల్లోనే ఆ ఇంటి వైద్యుడు జీవితకాలం రాసుకున్న మాటలున్నాయి. ఏ మందుకు మోతాదు ఎంత తగ్గించాలి, ఏ మూలిక పాలకొండల్లో దొరుకుతుంది, ఎవరికిచ్చాడు, ఎన్నాళ్లకు తగ్గింది, అన్నీ ఊదారంగులో పొట్టి అక్షరాలతో రాసి ఉన్నాయి. ఎడమ పేజీల్లో ప్రతి వరసకూ మొదటి రెండు మూడు అక్షరాలు పోయాయి. ఒకచోట ఊరి పేరు చివర "పల్లె" ఒక్కటే మిగిలింది. కడప జిల్లాలో పల్లె అని ముగిసే ఊళ్లు ఎన్నని వెతుకుతాం? అచ్చు పుస్తకానికి ఇంకో ప్రతి ఎక్కడైనా దొరకొచ్చు. ఈ రాతలకు ఇంకో ప్రతి లేదు.

కాబట్టి ఈ రోజు అసలు పంచాయతీ నీళ్ల దగ్గర వచ్చింది. ఆమ్లం తగ్గించడానికి మాకు అందుబాటులో ఉన్న మంచి పద్ధతి సున్నపు తేట. కాగితాన్ని పలచటి సున్నపు నీళ్లలో కాసేపు ఉంచితే ఆమ్లం విరుగుతుంది, కొంచెం సున్నం నారలోనే ఉండిపోయి ముందుముందు కూడా కాపాడుతుంది. 1940ల్లో అమెరికాలో విలియం బారో అనే ఆయన ఈ దారిని గట్టిగా నిలబెట్టాడు.  నేను తొట్టి కడిగి సిద్ధం చేస్తుంటే చాచా ఊదారంగు గీత మీద కళ్లజోడు పెట్టి చాలాసేపు చూశారు.

"ఇది సిరా కాదమ్మా. కాపీయింగ్ పెన్సిల్. మా నాయన దగ్గరుండేది. నాలిక మీద తడి చేసి రాస్తే చెరిగేది కాదు."

సన్నటి బ్రష్‌తో ఒక చుక్క అంచున ఉన్న చుక్కగుర్తు మీద పెట్టి బ్లాటింగ్ పేపరు అద్దాను. కాగితానికి ఊదారంగు చక్కగా అంటుకుంది. ఆ పెన్సిల్లో అనిలిన్ రంగు ఉంటుంది. పొడిగా ఉన్నన్నాళ్లు బుద్ధిగా కూర్చుంటుంది, తడి తగిలితే పేజీ అంతా పారుతుంది. ఇట్లాంటి చోట మొదట పరీక్ష చేయడమన్నది రూలు కాబట్టే ఇంకో పది పేజీలు బతికాయి. నీళ్లు లేకుండా ఆమ్లం విరిచే మందులున్నాయి. అవి విదేశాల నుంచి రావాలి, మా బడ్జెట్ వాటి దరిదాపుల్లో లేదు.

ఇక తేల్చుకోవాలి. కడిగితే కాగితం ఆయుష్షు పెరుగుతుంది, వైద్యుడి రాత పోతుంది. కడగకపోతే రాత ఉంటుంది, కాగితం మెల్లగా కరుగుతుంది. నేను కడగొద్దనే అన్నాను. చాచా కూడా అదే అన్నారు. పేజీలన్నీ స్కాన్ చేసి, చిరుగులు మాత్రం అతి తక్కువ తడితో అతికించి, ఆమ్లం లేని అట్టతో సరిగ్గా కొలతకు పెట్టె చేసి, చల్లగా ఉండే వైపు అరలో పెడదామని అనుకున్నాం. చేయగలిగిందంతా చేయకుండా ఆగడం ఈ పనిలో చాలా పెద్ద భాగమని నాకు రోజురోజుకూ బలపడుతోంది. మనం వేసిన ప్రతి అతుకునీ రేపు ఇంకొకరు, మనకన్నా బాగా తెలిసినవాళ్లు, కాగితం చెడకుండా విప్పగలగాలి. మన దేశంలో పాత రికార్డులకు సన్నటి షిఫాన్ పట్టుగుడ్డ రెండువైపులా అతికించే పద్ధతి చాలాకాలం నడిచింది. అదీ ప్రేమతో చేసిన పనే. ఆ పట్టు కూడా ముసలిదై పెళుసెక్కితే, విప్పడానికి వీలుండే బంకతో అతికించినవే మళ్లీ బాగుచేయగలిగారు.

బంక విషయంలో చాచాకూ నాకూ మొదట్లో కొంత వాదన ఉండేది. ఆయనది మైదా బంక, పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం. లెక్కల పుస్తకాలకు, బడిపిల్లల పుస్తకాలకు అది ఎంత బాగా పనిచేసిందో కడపలో అందరికీ తెలుసు. అయితే మైలుతుత్తంలోని రాగి కాగితం నార తొందరగా చెడడానికి దారి తీస్తుంది. మైదాలోని జిగట పదార్థం పురుగును పిలుస్తుంది. ఇప్పుడు ఆయనే మైదా ముద్దను గుడ్డలో కట్టి, నీళ్లలో పిసికి, జిగట వదిలేసి, అడుగున దిగిన తెల్ల పిండిని ఎండబెట్టి తెస్తారు. ఒక వంతు పిండికి నాలుగైదు వంతుల నీళ్లు పోసి, సన్నమంట మీద అరగంట కలియబెట్టి, చల్లారాక జల్లెడ పడతాం. ఈ ఎండలకు సాయంత్రానికే పులుస్తుంది కాబట్టి రోజూ కొంచెమే కాస్తాం. ఆయన చేతిలో కాగిన బంకకు వచ్చే నునుపు నా చేతిలో ఇప్పటికీ రాదు.

మధ్యాహ్నం భోజనం కాగానే ఫోన్ వచ్చింది. మా దగ్గర చదివి బెంగళూరులో స్థిరపడిన ఒక పెద్దమనిషి. వాళ్ల నాన్నగారి పేరు మీద లైబ్రరీకి ఏమైనా ఇవ్వాలనుకుంటున్నారు. "పెద్ద స్టీలు బీరువా పంపిస్తానమ్మా, మీద పేరు చెక్కిస్తా" అన్నారు. మనసు మంచిది, మాట మర్యాదగా ఉంది. నేను కూడా మర్యాదగానే, కానీ దాచకుండా చెప్పాను.

"సార్, బీరువాలు ఉన్నాయి. గాలాడని బీరువాలో పెడితే తుఫాను రోజుల్లో బూజు పడుతుంది కూడా. మాకు కాగితం కావాలి, అట్ట కావాలి, దారం కావాలి. అన్నిటికన్నా ముందు మనుషులు కావాలి."

"మనుషులంటే?"

"చాచాకు డెబ్బై దాటాయి సార్. ఆయన దగ్గర కూర్చుని నేర్చుకునే పిల్లలకు నెలనెలా ఏదో ఒకటి ఇవ్వాలి. ఊరికే ఎవరు వస్తారు?"

ఆయన కాసేపు ఆగి, మరి పేరు ఎక్కడ వస్తుందని అడిగారు. తప్పుగా అడగలేదు. తండ్రి పేరు నిలబడాలని ఎవరికుండదు? ప్రతి పెట్టె మూత లోపల చీటీ అతికించి, ఈ పుస్తకానికి ఫలానావారి జ్ఞాపకార్థం మరమ్మతు జరిగిందని రాస్తామని చెప్పాను. ఆ పుస్తకం తీసిన ప్రతి మనిషీ చదువుతాడు. ఎస్టిమేట్ పంపమన్నారు.

ఫోన్ పెట్టేశాక తెలుగు పుస్తకాలు కాపాడిన సి.పి. బ్రౌన్ దొర గుర్తొచ్చాడు. ఈ ఊళ్లో పనిచేసేవాళ్లకు ఆయన గుర్తురాని రోజుండదు. 1820లో కడపకు వచ్చి, ఇక్కడే బంగళా కొని, పండితులనూ లేఖకులనూ జీతమిచ్చి కూర్చోబెట్టి, చెదలు తింటున్న తాళపత్రాలను తెప్పించి, ప్రతులు పోల్చి, నకళ్లు రాయించాడు. 1829లో వేమన పద్యాలు, 1852లో నిఘంటువు వచ్చాయి. ఆయన ఉన్న చోటే జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారు పట్టుబట్టి, విరాళాలు పోగుచేసి గ్రంథాలయం నిలబెట్టారు. బ్రౌన్ తన డబ్బు ముందుగా పెట్టింది మనుషుల జీతాల మీద. జూలూరి అప్పయ్య లాంటి పండితుల పేర్లయినా కొందరికి తెలుసు. గంటల తరబడి కూర్చుని నకళ్లు రాసిన లేఖకుల్లో ఎందరి పేర్లు మనకు తెలుసు? వాళ్లు లేకుండా ఆయన చేసిందేమీ జరిగేది కాదు. బెంగళూరు సార్‌తో ఈ మాట కూడా చెప్పి ఉంటే బాగుండేది, ఎస్టిమేట్‌తో పాటు పెట్టే ఉత్తరంలో రాస్తాను.

తరవాత మూడు గంటలు టిష్యూ పని, అంటే పలచటి కాగితంతో చిరుగులు అతికించడం. ఎమ్మే తెలుగు చదువుతున్న అమ్మాయి ఒకతి సెలవుల్లో నేర్చుకోవడానికి వస్తోంది. ఫ్యాన్లు ఆపేశాం. జపాన్ టిష్యూ చదరపు మీటరుకు పది గ్రాములు కూడా ఉండదు, మామూలు జిరాక్స్ కాగితం డెబ్బై ఎనభై గ్రాములుంటుంది. గాలి తగిలితే ఎగిరిపోతుంది. చెమట పేజీ మీద పడకుండా నుదుటికి రుమాలు కట్టుకున్నాం. టిష్యూను కత్తెరతో కోయకూడదు. తడి బ్రష్‌తో గీత గీసి, ఆ గీత వెంబడి లాగితే అంచున నార వెంట్రుకల్లా బయటికొస్తుంది, ఆ నారే పాత కాగితాన్ని పట్టుకుంటుంది. కాగితంలో నార ఎటు నడుస్తుందో చూసి, అది వెన్నుకు సమాంతరంగా ఉండేలా పెట్టాలి. బంక బ్రష్ మీద ఉందా లేదా అన్నంత పలచగా రాసి, వెంటనే బ్లాటింగ్ పెట్టి, పైన బరువు. ఊదారంగు రాత ఉన్న చోటికి మేం పోలేదు.

ఆ అమ్మాయి ఒక చిరుగు అతికించి, వెలుతురుకు పట్టుకుని చూసి, "మేడం, అతికినట్టే కనపడ్డంలే" అంది. చాచా దగ్గరికి తీసుకుపోయి చూపించింది. ఆయన వేలు మెల్లగా నడిపి చూసి, "అచ్ఛా. ఇంకొకటి చెయ్" అన్నారు. ఆ పిల్ల ముఖం వెలిగిపోయింది. రేపటి నుంచి పక్క కుట్టు విప్పడం, మడతల దగ్గర కాగితం బలం చేయడం, తరవాత ఫారాలను టేపుల మీద మడత కుట్టుతో మళ్లీ కుట్టడం. అంచులు మాత్రం ఇక ఒక్క దారప్పోగంత కూడా కోయం.

ఇంటికి వచ్చి స్నానం చేసి ఎస్టిమేట్ రాయడానికి కూర్చున్నాను. టిష్యూ, ఆమ్లం లేని అట్ట, నార దారం, కాలికో గుడ్డ, బ్లాటింగ్ పేపరు అన్నీ వరసగా రాశాక, కాగితం తిరగేసి మళ్లీ మొదటినుంచి రాశాను. ఈసారి మొదటి పద్దు చాచా గౌరవ వేతనం, రెండోది ఇద్దరు పిల్లలకు ఏడాది స్టైపెండ్. సామాను మూడో పద్దు నుంచి మొదలవుతుంది.