నాయిన, దమ్ము, టీకా

ఫోన్‌లో పాత ఫొటోలు తిప్పుతుంటే 2021 మార్చి నాటిది ఒకటి కనబడింది. మా నాయిన కరోనా టీకా కోసం చొక్కా చెయ్యి పైకి మడిచి, ముఖం పక్కకు తిప్పుకొని కూర్చున్నాడు. మిర్యాలగూడ రైస్ మిల్లులో ముప్పై ఏళ్లు బస్తాలు మోసిన మనిషికి సూదంటే భయం!

ఆయనకు సీవోపీడీ, అంటే ఊపిరితిత్తుల్లో గాలి దారులు ఇరుకైపోయే మొండి జబ్బు. మా దగ్గర దమ్ము అంటాం. "ఉన్నదే సగం ఊపిరి, సూదేస్తే అదీ పోతదిరా" అని ఒకటే గొడవ. డాక్టర్ గారు మాత్రం, ఊపిరితిత్తులు దెబ్బతిన్నవాళ్లకే కరోనా ముదిరే ప్రమాదం ఎక్కువ, మీరే ముందు వేసుకోవాలన్నారు. ఇన్‌హేలర్ ఆపొద్దన్నారు. స్టెరాయిడ్ మాత్రలు చాలా రోజులు మింగేవాళ్లకు టీకాతో వైరస్‌ను ఎదిరించే యాంటీబాడీలు కాస్త తక్కువ రావచ్చట, అందుకే రెండో డోసూ మాస్కూ మానొద్దన్నారు.

కోవిషీల్డ్ వేసిన రాత్రి జ్వరం, ఒళ్లు నొప్పులు. నాకు జ్వరం టెన్షన్ లేదు. పడుకున్న మనిషి పక్కటెముకలు ఎగిసిపడుతున్నాయా అని తెల్లవార్లూ వాటినే చూస్తూ కూర్చున్నా. వేలికి పెట్టి రక్తంలో ఆక్సిజన్ చూసే ఆక్సీమీటర్‌లో 93 శాతం. ముందు రోజు కూడా 93. (ఆ క్లిప్పుకు మందుల షాపాయన రెండు వేలు గుంజాడు, అది వేరే బాధ.)

పొద్దున లేచి, ఇన్‌హేలర్ రెండుసార్లు పీల్చి, "ఇంకా చాయ్ పెట్టలేదా" అన్నాడు.