రేకు గొట్టం చప్పుడు

"ఏటీ, ఒక్కత్తివే ఎల్తావా?"

బరంపురంలో మా వీధి చివర కూరగాయలమ్మే ఆమె దగ్గర మొదలైంది. ఆ తరవాత మా అత్తగారు, ఆడపడుచు, స్కూల్లో తోటి టీచర్లు, పక్కింటి ఒడియా మాఉసి, చివరికి భువనేశ్వర్ రైల్లో ఎదురు సీటు పెద్దాయన. అందరిదీ అదే ప్రశ్న. నా చెయ్యి పట్టుకుని నాలుగున్నరేళ్ల పిల్ల ఎదురుగా నిలబడి ఉన్నా సరే, నేను ఒక్కదాన్నే.

మా ఆయనకి ఆఖరి వారంలో సెలవు దొరకలేదు. టిక్కెట్లేమో డబ్బు వాపసు ఇవ్వని రకం. మూడేళ్లు చీటీ కట్టి దాచిన సొమ్ము. దసరా సెలవులు మళ్లీ ఏడాదికి గానీ రావు. అందుకని వెళ్లిపోయాం, నేనూ మా అమ్ములూ, బ్యాంకాక్‌కి, ఐదు రోజులకి.

పిల్లతో తల్లి ఒక్కతే వెళ్లేటప్పుడు తండ్రి సమ్మతి పత్రం నోటరీ చేయించుకుని, పిల్ల పుట్టిన సర్టిఫికెట్‌తో కలిపి దగ్గర పెట్టుకోవడం మంచిది. నన్నెవరూ అడగలేదు. అయినా ఆ ఫైలు ఒళ్లో ఉన్నంతసేపూ నాకు ధైర్యంగా ఉంది.

మొదటి రెండు రోజులూ నాకు చిరాకే మిగిలింది. సువర్ణభూమి విమానాశ్రయం నుంచి రైలు బాగుంది, 45 బాత్‌లకే ఊళ్లోని ఫయా థాయ్ స్టేషన్‌లో దింపేసింది. అక్కణ్నుంచి మొదలు. టాక్సీ మీటరు 35 బాత్‌ల దగ్గర మొదలవుతుంది, కానీ చంకలో పిల్లా భుజాన సంచీ చూశాక ఎవరూ మీటరు వెయ్యరు. మూడొందలంటారు. అప్పటి బాత్‌కి రెండున్నర రూపాయల లెక్కన గుణించుకుంటే గుండె ఝల్లుమనేది. స్కైట్రైన్‌లో 90 సెంటీమీటర్లు దాటిన పిల్లలకి పూర్తి టిక్కెట్టు. మా అమ్ములు దాటి చాలా కాలమైంది. కొబ్బరిబొండాం మా ఊరి దగ్గర గోపాల్‌పూర్ సముద్రపొడ్డున తాగేదాని కంటే రెండింతలకి పైగా. వీటన్నిటికీ తోడు, పిల్ల ఏమీ తినడం లేదు. అన్నం మీద ఆమ్లెట్టు వేసిచ్చే బండి ఒకటి దొరికింది, దాన్నే ఖై జియావ్ అంటారు. రెండు రోజులూ పొద్దున్నా రాత్రీ అదే పెట్టాను. మూడో రోజు పళ్లెం తోసేసి "పప్పన్నం" అని ఏడ్చింది.

పప్పు కోసమే పహురత్ వెళ్లాం. అక్కడి సర్దార్జీల గురుద్వారా చుట్టూ మనవాళ్ల బట్టల బజారు. తానులు విప్పి మోచేతి మీద పరిచి చూపించే తీరు చూస్తే బరంపురం పట్టు దుకాణాలే గుర్తొచ్చాయి. పప్పూ, అన్నమూ కలిపి ఐదొందల రూపాయల దాకా అయింది. పిల్ల కడుపు నిండా తింది కాబట్టి ఆ మాట ఇంక ఎత్తను.

బయటికొచ్చేసరికి వాన. అక్టోబరు వాన అక్కడ మనలా ముసురు పట్టదు, ఒక్కసారిగా కుమ్మరిస్తుంది. ప్రతునామ్ వైపు వెళ్లే బస్సొకటి ఆగితే ఎక్కేశాం. ఎరుపూ మీగడ రంగూ కలిసిన పాత బస్సు, ఏసీ లేదు, పైన ఫ్యాన్లు. టిక్కెట్టు 8 బాత్‌లు. ఆ ఊళ్లో నాకు నచ్చిన మొదటి ధర.

ఎక్కగానే ఒక కుర్రాడు లేచి అమ్ములుకి సీటిచ్చాడు. నాకు కాదు, అమ్ములుకి. కండక్టరు ఆడమనిషి, యాభై దాటి ఉంటాయి. చేతిలో జానెడు పైన పొడుగున్న రేకు గొట్టం, నిలువునా రెండుగా తెరుచుకునేది. లోపల టిక్కెట్ల చుట్టలూ చిల్లరా. దాన్ని టకటకమని తెరుస్తూ మూస్తూ వస్తుంది. ఆ చప్పుడు వినగానే జనం డబ్బులు తీస్తారు, నోటితో అడిగే పని లేదు. నాకొక టిక్కెట్టు చింపి ఇచ్చింది. పిల్లకి డబ్బు తీసుకోలేదు. అమ్ములు మాత్రం చెయ్యి చాపే ఉంచింది. "మాఉసీ, నాకు?" అంది.

మా వీధిలో తెలుగావిడైతే అత్త, ఒడియా ఆవిడైతే మాఉసి. ఈవిడ తెలుగావిడ కాదని పిల్లకి అర్థమైంది, అందుకని మాఉసి. కండక్టరు ఒక్క క్షణం చూసి, ఇంకో చిన్న ముక్క చింపి దాని అరచేతిలో పెట్టింది. తన గుండె మీద వేలు పెట్టుకుని "పా" అంది. పిల్లని చూపించి "నూ" అంది. ఆ రాత్రి హోటల్ అమ్మాయిని అడిగితే చెప్పింది: పా అంటే పెద్దమ్మ, నూ అంటే ఎలుక, చిన్నపిల్లల్ని ముద్దుగా అలాగే పిలుస్తారని.

యావరాత్ అనే చైనావాళ్ల బజారు దాటి హువా లంఫోంగ్ పాత స్టేషన్ దగ్గరికి వచ్చేసరికే గంట. తరవాత బస్సు అసలు కదలడం మానేసింది. కిటికీ మీద నీళ్లు, బయట ఎర్రదీపాల వరస. అప్పుడెందుకో మా మామ్మ చెప్పిన సంగతి తలపుకొచ్చింది. 1930లో రంగూన్ రేవులో తెలుగు కూలీల మీద దాడులు జరిగాక, వాళ్లమ్మ మూడేళ్ల మామ్మని చంకనేసుకుని ఒక్కతే ఓడెక్కింది. గోపాల్‌పూర్‌లో ఓడ ఒడ్డుకి రాదు, దూరంగా ఆగుతుంది. అక్కణ్నుంచి మసూలా పడవల్లో అలల మీద ఎగిరిపడుతూ రావాలి. పడవవాడు మామ్మని తన భుజం మీద కూర్చోబెట్టుకుని నీళ్లలోంచి నడిచి ఇసకలో దించాడట. అతని భుజం చేపల వాసన వేసిందని మామ్మ ముసలితనంలో కూడా చెప్పేది. ఆ తల్లిని కూడా ఒడ్డున ఎవరో అడిగే ఉంటారు, ఒక్కత్తివే వచ్చేవా అని.

"అమ్మా, ఒంటికొస్తంది."

ఏ పిల్లల తల్లికైనా తెలుసు ఆ గొంతు. ఆగగలిగేది కాదది. నాకొచ్చిన థాయ్ మాటలు మూడే: ఖావ్, ఖై, హాంగ్ నామ్. అన్నం, గుడ్డు, నీళ్లగది. పిల్లని చూపిస్తూ మూడోది అన్నాను. కండక్టరు డ్రైవరు మీద ఏదో కేకేసింది, తలుపు తెరుచుకుంది. వెనక సీటు ముసలాయన తన గొడుగు నా చేతిలో పెట్టాడు. ఆమె గొట్టం చంకలో ఇరికించుకుని, అమ్ములుని ఎత్తుకుని, ఆగిన మోటారుసైకిళ్ల మధ్యలోంచి చరచరా నడిచి, పక్కనున్న నూడుల్స్ కొట్టులోకి తీసుకెళ్లింది. కొట్టామెతో రెండు మాటలు చెప్పి, నా భుజం తట్టి, వానలోకి పరిగెత్తింది.

మేం బయటికొచ్చేసరికి బస్సు లేదు. సంచీ అందులోనే ఉంది. పాస్‌పోర్టులు నా నడుముకే ఉన్నాయి కానీ, పిల్ల బట్టలు, మందులు, ఆ ఫైలు, అన్నీ సంచీలోనే. వానకి ముందు పది అడుగులు కనబడవు. అన్నీ ఎర్ర బస్సులే. కాళ్లు ఆడలేదు నాకు.

అప్పుడు వినబడింది. టక్ టక్ టక్ టక్. ముందెక్కడో, ఆగకుండా. "పా!" అని అమ్ములు ఆ వైపు లాగింది. నాలుగు బండ్లు దాటాక, ఫుట్‌బోర్డు మీద సగం తడుస్తూ నిలబడి, గొట్టం పైకెత్తి కొడుతోంది ఆమె. మేం ఎక్కాకే ఆపింది. డబ్బు ఇవ్వబోతే చెయ్యి అడ్డం ఊపి టిక్కెట్లకి వెళ్లిపోయింది. గొడుగు ముసలాయనకి ఇచ్చేశాను. ఆయన దాన్ని నేల మీద దులిపి మళ్లీ కళ్లు మూసుకున్నాడు.

రాచ్‌ప్రసోంగ్ కూడలిలో ఎరావణ్ హోటల్ దగ్గర నాలుగు ముఖాల బ్రహ్మ ఉన్నాడు, 1956లో ప్రతిష్ఠించారు. బ్రహ్మకి మనకే గుళ్లు తక్కువ. బస్సు అటు దాటుతుంటే సగం మంది చేతులు జోడించారు, మా బరంపురం ఠాకురాణి అమ్మవారి గుడి ముందు ఆటోలో వాళ్లలాగే. ఆమె గొట్టాన్ని రెండు అరచేతుల మధ్య పెట్టుకుని దణ్ణం పెట్టింది. అమ్ములు తన టిక్కెట్టు ముక్కని అలాగే పెట్టుకుని పెట్టింది.

మిగతా రెండు రోజులూ అరుణ్ గుడి, నదిలో పడవ, అవన్నీ ఫొటోల్లో ఉన్నాయి. తిరిగొచ్చేటప్పుడు విమానాశ్రయంలో పాలసముద్రం చిలికే పెద్ద బొమ్మ చూసి, అమ్ములు ఆ కథ రెండుసార్లు చెప్పించుకుంది.

ఇంటికొచ్చిన దగ్గర్నుంచి దానికి ఒకటే ఆట. వాళ్ల నాన్న పాత కళ్లజోడు డబ్బా తెరుస్తూ మూస్తూ వరండాలో తిరుగుతుంది. కాగితాలు చింపి మా అత్తగారికొకటి, మాఉసికొకటి ఇస్తుంది. ఎనిమిది అడుగుతుంది. నిన్న మాఉసి చెయ్యి చాపకుండా ఊరికే కూర్చుంటే, ఒక్క క్షణం చూసి, ఆమె గుప్పిట తెరిచి మరీ టిక్కెట్టు పెట్టి వచ్చింది.