ఓటీ ఆగాక మా వదిన ఇల్లు

మా వదిన బెంగళూరు బొమ్మనహళ్ళిలో ఒక గార్మెంట్స్ ఫ్యాక్టరీలో టైలర్. షర్టులకు కాలర్ ఎక్కించడం ఆమె పని. గంట గంటకీ ఎన్ని పీసులయ్యాయో బోర్డు మీద రాస్తారు. టార్గెట్ తగ్గితే అందరి ముందూ తిట్లు. బాత్రూమ్‌కి లేస్తే పీసులు తగ్గుతాయని నీళ్ళు కూడా సరిగా తాగదు.

మడకశిర నుంచి వచ్చిన కొత్తలోనే ఈ పనిలో చేరింది. అంతకుముందు అమెరికా, యూరప్ వాళ్ళు ఏ దేశం నుంచి ఎన్ని బట్టలు రానివ్వాలో కోటా పెట్టేవాళ్ళు. 2005 జనవరి 1తో అది పోయింది, అక్కడికి పంపే షర్టుల పని ఇక్కడ పెరిగింది. ఆ షర్టులు కుట్టిన జీతంతోనే వదిన చీటీలు కట్టింది, కూతుర్ని ఇంగ్లిష్ మీడియంలో వేసింది, మా అన్నకి ఎదురు చెప్పే ధైర్యం తెచ్చుకుంది. ఎగుమతులతో ఆడవాళ్ళకు ఏం ఒరిగిందని ఎవరైనా అడిగితే ముందు ఇదే చెప్తాను.

2025 ఆగస్టు 27 నుంచి మన సరుకు మీద అమెరికా వేసిన అదనపు సుంకం 50 శాతానికి చేరింది. కొన్నాళ్ళకే వాళ్ళ ఫ్యాక్టరీలో ఓటీ, అంటే డ్యూటీ టైము అయ్యాక చేసే అదనపు పని, ఆపేశారు. చట్టప్రకారం ఓటీకి రెట్టింపు కూలి రావాలి, అందుకే అది పోతే అంత దెబ్బ.

"ఎట్లా వదినా మరి?" అన్నాను.

"ఏముందమ్మా, బయ్యర్ ఆర్డర్ తగ్గించినాడంట. దోసె పిండి కొనేది మానేసినా, నేనే రుబ్బుకుంటా."

పిండి ఒక్కటే కాదు. పాప ట్యూషన్ మాన్పించి తనే కూర్చోబెడుతోంది. రాత్రి పక్కింటివాళ్ళ చీరలకు ఫాల్ కుడుతోంది. ఫ్యాక్టరీలో తగ్గిన గంటలన్నీ ఇంట్లోకి వచ్చి పడ్డాయి, చాలావరకు కూలి లేకుండా. పోనీ ఆర్డర్లు బాగా ఉన్నప్పుడు సుఖమా అంటే, షిప్‌మెంట్ టైములో తెల్లవారకముందే లేచి వంట చేసి వెళ్ళేది, సాయంత్రం గిన్నెలు పాప తోమేది. ఎటు తిరిగినా భారం ఆడవాళ్ళ మీదే.

2019లో కేంద్ర ప్రభుత్వం చేసిన సర్వేలో, ఇంటిపని చేసేవాళ్ళలో ఆడవాళ్ళకు రోజుకు సగటున 299 నిమిషాలు, మగవాళ్ళకు 97 నిమిషాలు పడుతోందని తేలింది. మా అన్న అంత కూడా చెయ్యడు.

బ్రిటన్‌తో 2025 జూలై 24న ఒప్పందం మీద సంతకాలయ్యాయి, మన బట్టలకు అక్కడ సుంకం ఎత్తేస్తామన్నారు. ఆర్డర్లు రావాలనే నేనూ కోరుకుంటున్నాను. కానీ ఓటీ చేయకపోయినా ఇల్లు గడిచేంత జీతం కూడా రావాలి. ఏ ఫ్యాక్టరీ ఇస్తుందో తెలీదు గానీ, పాపకి ఈ ఏడాది టెన్త్, గిన్నెలు నువ్వు తోమాల్సిందే అని మా అన్నకి గట్టిగా చెప్పాను.