రేటు సరే, కాంటా ఎవరిది?

బత్తాయి తోట బేరం తీసుకోండి. టన్ను 20,000 అన్నారనుకుందాం. రైతు గంటసేపు గుంజి 20,500 చేయించుకుంటాడు. కాంటా దగ్గరికొచ్చేసరికి టన్నుకు క్వింటాలు 'సూట్' కింద, అంటే తరుగు పేరుతో పోతుంది. చేతికొచ్చేది తొమ్మిది క్వింటాళ్ల పైసలే, అంటే 18,450. రేటులో గెలిచింది 500, తూకంలో పోయింది 2,050. నల్లగొండ వైపు సూట్ సంగతి తెలియని బత్తాయి రైతు ఉండడు, అయినా బేరం రేటుతోనే మొదలవుతుంది. సూట్ ఎంత, కాంటా ఎవరిది, రాలిన కాయ ఎవరి ఖాతా, పైసలు ఎన్నాళ్లకు. ఈ నాలుగూ తేలాకే రేటు ఎత్తాలి.

గెట్టు, అంటే పొలం హద్దు పంచాయితీలోనూ ఇదే తిరకాసు. 33 అడుగుల చదరం ఒక గుంట, 40 గుంటలు ఎకరం. 330 అడుగుల గెట్టును ట్రాక్టర్ గొర్రు ఏటా నాలుగంగుళాలు తింటూ పోతే, పదేళ్లకు గుంట భూమి మాయం. కొట్లాట అంత మెల్లగా పుడుతుంది, అందుకే ఎవరికీ తాము జరిపినట్టు అనిపించదు. పెద్దమనుషులు కూర్చోగానే "ఎవడు జరిపిండు?" అని అడుగుతారు. ఆ ప్రశ్నతో పంచాయితీ అక్కడే చెడుతుంది. దానికి ఒప్పుకున్నవాడు దొంగ అవుతాడు కాబట్టి ఎవడూ ఒప్పుకోడు. అడగాల్సింది "ఏ రాయి నుంచి కొలుద్దాం?" అని.

సర్వేకు ఇద్దరూ కలిసి దరఖాస్తు పెట్టుకోవాలి. ఒక్కడే పెడితే రెండోవాడు "సర్వేయర్‌ను పట్టుకున్నడు" అంటాడు, కొలత వచ్చినా ఒప్పుకోడు. టిప్పన్, అంటే సర్వే నంబర్ కొలతల పటం నకలు ముందే తెచ్చుకుని, ఇద్దరికీ అనుమానం లేని పాత హద్దురాళ్లు రెండైనా గుర్తుపట్టి, వాటి నుంచే కొలుస్తామని రాసుకోవాలి. ధరావతు ఇద్దరిదీ సమానంగా, ఇద్దరికీ పాలివాడు కాని మనిషి దగ్గర ఉండాలి. పంట ఉన్నప్పుడు కొలిస్తే సర్వే గొలుసు సాఫీగా సాగదు, పైగా తొక్కిన పత్తి చెట్టు మీద కొత్త పంచాయితీ లేస్తుంది. యాసంగి కోత అయ్యాక, వానలకు ముందు చూసుకోవాలి. అవతలి గెట్ల వాళ్లూ అక్కడ నిలబడాలి. కడీలు (హద్దు రాతి స్తంభాలు) అదే రోజు పాతాలి. రేపన్నారంటే రాత్రికి ఎవరో ఒకరి మనసు మారుతుంది.

ఎక్కువ చెడేది మాత్రం వేరే చోట. పాసుపుస్తకాల్లో అందరి విస్తీర్ణం కలిపితే సర్వే నంబర్‌లో ఉన్న నేల కన్నా ఎక్కువ తేలుతుంది. అప్పుడు తక్కువ పడింది ఎవరి మీద వేయాలి? ఇది గొలుసు పడకముందే తేల్చుకోవాలి. విస్తీర్ణం లెక్కన అందరికీ పంచడమే నా ఓటు. కొలిచాక మాట్లాడితే నష్టపోయేదెవరో తెలిసిపోతుంది, ఇక వాడు ఒప్పుకోడు.

ఒప్పుకున్నది తెల్లకాగితం మీదో బాండు పేపరు మీదో రాసి ఊరుకుంటారు. భూమి చేతులు మారిందంటే రిజిస్ట్రేషన్ లేకుండా హక్కు మారదు. కోర్టుకెక్కని తగాదానైనా లోక్ అదాలత్‌కు తీసుకుపోవచ్చు. అక్కడి అవార్డుకు సివిల్ కోర్టు డిక్రీ విలువ ఉంది, దానిమీద అప్పీలు లేదు. అప్పటికే కోర్టులో ఉన్న కేసు అక్కడ తెగితే కట్టిన ఫీజు వాపసు.

కృష్ణా నీళ్లకు వస్తే సంఖ్యలు పెద్దవి, తిరకాసు అదే. కృష్ణా నీళ్లను రాష్ట్రాలకు పంచిన బచావత్ ట్రిబ్యునల్ ఉమ్మడి రాష్ట్రానికి ఇచ్చిన 811 టీఎంసీలను 2015లో ఆంధ్రకు 512, తెలంగాణకు 299గా రాసుకున్నారు, అదీ ఆ ఒక్క ఏడాదికని. అందరూ పట్టుకుంది ఆ నిష్పత్తినే. తాగునీటికి తీసుకున్నదాంట్లో 20 శాతమే వాడకంగా లెక్కించాలని తెలంగాణ, ప్రాజెక్టులు నిండి పొర్లేటప్పుడు మళ్లించింది వాటాలో కలపొద్దని ఆంధ్ర. శ్రీశైలం నుంచి ఆంధ్ర నీళ్లు తీసుకునే పోతిరెడ్డిపాడు దగ్గర టెలిమెట్రీ, అంటే పారే నీటిని కొలిచే యంత్రం ఎక్కడ పెట్టాలన్నది ఇంకో తగువు. ఇవన్నీ కాంటా ప్రశ్నలే. 2023 నవంబర్ చివర్లో సాగర్ డ్యామ్ మీద, 26 గేట్లలో 13వ దాని దగ్గర ఆంధ్ర పోలీసులు కంచె వేసేదాకా తగువు పోయింది. సరిగ్గా నడిమధ్యన గెట్టు!

1960 సింధు ఒప్పందం ఇంకో దారి పట్టింది. చాలామటుకు టీఎంసీలు పంచే జోలికి పోకుండా నదులనే పంచుకున్నారు: తూర్పు మూడు భారత్‌కు, పడమటి మూడు పాకిస్తాన్‌కు. రోజూ కొలవాల్సిన పని తగ్గించుకోవడమే దాని తెలివి. 2025 ఏప్రిల్‌లో భారత్ పక్కన పెట్టేదాకా అది యుద్ధాల మధ్య కూడా నిలిచింది. కృష్ణకు ఆ వెసులుబాటు లేదు, ఒకే నది, ఒకే డ్యామ్, రెండు వైపులా కాలువలు.

మన రాజోలిబండనే చూడండి. తుంగభద్ర మీది ఆ ఆనకట్ట నుంచి పాత పాలమూరు జిల్లాకు 15.9 టీఎంసీలు, 87,500 ఎకరాలు. వాటా మీద పేచీ లేదు. కానీ తూము కర్ణాటకలో ఉంది, కాలువ మొదటి 42 కిలోమీటర్లూ అక్కడే. నీళ్ల లెక్క ఆనకట్ట దగ్గర, పైరేమో అలంపూర్ చివర. మధ్యలో పూడిక, గండ్లు, దారిలో మళ్లింపులు. చివరి ఆయకట్టు ఎండి ఎండి, ఆఖరికి అదే తుంగభద్ర నుంచి తుమ్మిళ్ల దగ్గర మోటార్లు పెట్టి నీళ్లు ఎత్తుకోవాల్సి వచ్చింది. కరెంటు బిల్లు మాత్రం ఆ 15.9లో ఎక్కడా రాసి లేదు.