కదిలేది ఏది? గాజు (గ్లాస్) పదార్థాలు, ఫెర్రోఎలక్ట్రిక్‌లతో నా గేట్ ప్రిపరేషన్

గేట్ పరీక్షలో ఫిజిక్స్ పేపర్‌కి చదువుతున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! సాలిడ్ స్టేట్ (ఘన పదార్థాల) భాగంలో డైఎలక్ట్రిక్స్ (విద్యుత్తును ప్రవహించనివ్వని పదార్థాలు), మాగ్నెటిజం వదిలేద్దామా అని చాలామంది అడుగుతున్నారు. వదలకండి. మొదటి ఏడాది నేను సరిగ్గా అక్కడే దెబ్బతిన్నాను.

మాది ఆమదాలవలస. రోజూ ఆటోలో శ్రీకాకుళం వచ్చి, ఏడు రోడ్ల జంక్షన్‌లో దిగి, లైబ్రరీలో సాయంత్రం దాకా కూర్చునేదాన్ని. సూత్రాలన్నీ నోటికి వచ్చేవి. లెక్క కాస్త మార్చి ఇస్తే చెయ్యి ఆగిపోయేది.

నాకు దారి దొరికింది మా వంటింట్లో. అమ్మ పక్కన పడేసిన పాత గ్యాస్ లైటర్ విప్పి చూశాను. లోపల ఒక స్ప్రింగు, చిన్న సుత్తిలాంటి ఇనుప ముక్క, దాని కింద పింగాణీ ముక్క. సుత్తి కొట్టగానే ఆ ముక్క రెండు కొసల మధ్య వేల వోల్టులు పుడతాయి. లైటర్లలో సాధారణంగా వాడే ఆ పింగాణీ లెడ్ జిర్కొనేట్ టైటనేట్. అది ఫెర్రోఎలక్ట్రిక్: లోపలి ధన, రుణ ఆవేశాలు వాటంతటవే కాస్త విడిపోయి ఉంటాయి (ఇదే పోలరైజేషన్), బయటి విద్యుత్ క్షేత్రంతో ఆ దిశను తిప్పొచ్చు. తయారీలో బలమైన విద్యుత్ క్షేత్రం పెట్టి డొమైన్లను (ఒకే దిశ పోలరైజేషన్ ఉండే చిన్న చిన్న ప్రాంతాలను) ఒకవైపు తిప్పితేనే పనిచేస్తుంది. అప్పటిదాకా రెమనెంట్ పోలరైజేషన్ అంటే నాకు హిస్టెరిసిస్ లూప్‌లో (క్షేత్రం పెంచి తగ్గిస్తూ పోలరైజేషన్ గీసే గ్రాఫ్‌లో) నిలువు గీత మీద ఒక చుక్క, అంతే. క్షేత్రం తీసేశాక కూడా మిగిలేది ఇదేనని ఆ ముక్క అరచేతిలో పెట్టుకున్నాక తెలిసింది.

అప్పటి నుంచి ఏ పదార్థం వచ్చినా ఒకటే ప్రశ్న: లోపల కదిలేది ఏది, ఎంత దూరం?

బేరియం టైటనేట్‌లో టైటానియం అయాన్ ఆక్సిజన్ల గూటిలో కొద్దిగా పక్కకు జరుగుతుంది, గూడు మాత్రం దాటదు. సుమారు 120 డిగ్రీల సెల్సియస్ పైన స్ఫటికం క్యూబిక్ (ఘనాకారం), కింద టెట్రాగోనల్ (ఒకవైపు కాస్త సాగిన ఆకారం). మామూలు కిటికీ గాజులో సోడియం అయాన్ చోటు నుంచి చోటికి దూకుతుంది. అందుకే వేడెక్కేకొద్దీ వాహకత పెరుగుతుంది. ఐరన్ ఆక్సైడ్ బాగా కలిపిన గాజులో దూకేది ఎలక్ట్రాన్, ఫెర్రస్ అయాన్ నుంచి ఫెర్రిక్‌కి. అయస్కాంత గుణమూ ఆ ఇనుముదే. శుద్ధ సిలికా గాజు డయామాగ్నెటిక్ (అయస్కాంతం కొద్దిగా వికర్షించేది). ఇనుము చేరితే పారామాగ్నెటిక్ (అయస్కాంతం కొద్దిగా ఆకర్షించేది). ఇంకా ఎక్కువైతే పొరుగు అయాన్ల స్పిన్‌లు (ఒక్కో అయాన్‌లోని బుల్లి అయస్కాంతాలు) ఆక్సిజన్ ద్వారా ఎదురెదురు తిరగాలని చూస్తాయి, క్యూరీ-వైస్ గీత (ఉష్ణోగ్రతతో 1/ససెప్టిబిలిటీ మారే గీత; ససెప్టిబిలిటీ అంటే క్షేత్రానికి పదార్థం ఎంతగా స్పందిస్తుందో చెప్పేది) ఉష్ణోగ్రత అక్షాన్ని రుణ విలువ దగ్గర తాకుతుంది.

ఇక నా తప్పు. ఒక మాక్ టెస్టులో గాజు వాహకత గ్రాఫ్ ఇచ్చారు: నిలువుగా వాహకత లాగ్ బేస్ 10లో, అడ్డంగా 1000/టి (టి అంటే కెల్విన్‌లో ఉష్ణోగ్రత). వాలు మైనస్ 4. యాక్టివేషన్ ఎనర్జీ (దూకడానికి కావాల్సిన శక్తి) 0.34 ఎలక్ట్రాన్ వోల్ట్ అని వేశాను. అసలు జవాబు 0.79. లాగ్ బేస్ 10ని సహజ లాగ్‌గా మార్చే 2.303తో గుణించడం మర్చిపోయాను. న్యూమరికల్ ప్రశ్నలకు నెగటివ్ మార్కులు లేవు నిజమే, కానీ వచ్చిన లెక్కలో రెండు మార్కులు పోతే ఆ రాత్రి నిద్ర పట్టలేదు. గ్రాఫ్ చూడగానే ముందు అక్షాల పేర్లు చదవండి. అలాగే బేరియం టైటనేట్‌ది ఫస్ట్ ఆర్డర్ మార్పు (పోలరైజేషన్ ఒక్కసారిగా మారిపోయేది). క్యూరీ-వైస్ ఉష్ణోగ్రత (గీతను పొడిగిస్తే అక్షాన్ని తాకే చోటు), అసలు మార్పు జరిగే ఉష్ణోగ్రత కంటే తక్కువ. రెండూ ఒకటే అనుకుంటే జవాబు తప్పుతుంది.

స్పిన్ గ్లాస్ అనే అయస్కాంత పదార్థంలో పేరుకే గాజు ఉంది. రాగిలో కాస్త మాంగనీస్ కలిపిన మిశ్రమలోహం అందుకు ఉదాహరణ. అక్కడ మారేది స్పిన్ దిశ ఒక్కటే; చల్లబరిస్తే ఏది ఎటు తిరిగి ఉంటే అటే బిగుసుకుపోతుంది. ఉష్ణోగ్రతతో దాని ససెప్టిబిలిటీ గీసిన గ్రాఫ్‌లో వచ్చే మొనను, యాంటీఫెర్రోమాగ్నెట్ (పొరుగు స్పిన్‌లు క్రమంగా ఎదురెదురు తిరిగి ఉండే పదార్థం) మొనను ఒకే కాగితం మీద పక్కపక్కన చేత్తో గీసి చూడండి.