అచాఫలాయా వంతెన మీద ఊగిన ట్రక్కు

మార్చి నెలలో మా అమ్మాయికి బడి సెలవులు ఇచ్చిన వారం, హ్యూస్టన్ పక్కనున్న కేటీ నుండి న్యూ ఆర్లీన్స్‌కు, పికప్ ట్రక్కు వెనుక ట్రావెల్ ట్రైలర్, అంటే లోపలే వండుకుని పడుకునే చక్రాల గది, తగిలించుకుని బయలుదేరాము. ట్రైలర్ ఒక మిత్రుడిని అడిగి తెచ్చుకున్నది. ఉయ్యూరు నుండి మా అమ్మ వచ్చి రెండు నెలలైంది. ఆమెకు బయటి తిండి సరిపడదు కనుక బియ్యం బస్తా, కుక్కర్లు, పచ్చడి సీసాలు, చిన్న గ్రైండరు అన్నీ ట్రైలర్ ముందరి అరలో సర్దాము. దారిలో ఎక్కడ ఆగినా నీటికి లోటు రాకూడదని 40 గ్యాలన్ల తొట్టి నిండా నీళ్లు పట్టాము. ఆ తొట్టి కూడా ట్రైలర్ ఇరుసులకు ముందు వైపే ఉంది.

టెక్సాస్ దాటేవరకు చెప్పుకోదగిన ఇబ్బంది ఏదీ ఎదురుకాలేదు. లూసియానాలో లేక్ చార్లెస్ దగ్గర 1952 నాటి కాల్కాష్యూ నది వంతెన ఎక్కినప్పుడు, దాని కటకటాల మీద ఒకదానిపై ఒకటి అడ్డంగా పెట్టినట్లున్న ఇనుప పిస్తోళ్లను అమ్మాయి లెక్కపెడుతూ ఉండగా, ట్రక్కు రెండు మూడుసార్లు మెల్లగా తల ఊపింది. దిగువకు రాగానే సర్దుకోవడంతో నేను పట్టించుకోలేదు.

లఫాయెట్ దాటాక అచాఫలాయా చిత్తడి అడవుల మీదుగా సాగే వంతెన వస్తుంది. 1973లో తెరిచిన ఆ జంట వంతెన పొడవు 18 మైళ్లకు పైమాటే, అంటే దాదాపు 29 కిలోమీటర్లు. నీళ్లలో నిలబడిన సైప్రస్ చెట్ల మొదళ్లు, వాటి మీద వాలిన తెల్ల కొంగలు చూడడానికి రెండు కళ్లూ చాలవు. నేను మాత్రం వాటిని చూడలేకపోయాను. వంతెన ఎక్కిన ఒకటి రెండు నిమిషాలకే బానెట్ ఆకాశంలోకి లేచి, కిందికి దిగి, దిగిన చోటు నుండి మరింత ఎత్తుకు లేవడం మొదలైంది. కప్పులోని కాఫీ మూత సందులోంచి చిమ్మి గేరు మీద పడింది. బానెట్ లేచిన ప్రతిసారీ చేతుల్లోని స్టీరింగ్ అర క్షణం పాటు బరువు కోల్పోయి ఖాళీగా తిరుగుతున్నట్లు తోచడమే నన్ను అన్నిటికంటే భయపెట్టింది.

"రోడ్డు పాడైనట్లు లేదండీ, పక్కన పోయే కార్లు ఒక్కటీ ఊగడం లేదు," అని మా ఆవిడ అంది. వెనుక సీటులో పైనున్న పిడిని రెండు చేతులా పట్టుకుని కూర్చున్న అమ్మ, "చెరకు ట్రాక్టరు లేచినట్లు లేస్తోందిరా ముందుభాగం, కాస్త నిదానంగా పోనీ నాయనా," అంది. ఆ వంతెన మీద కార్లకు గంటకు 60 మైళ్లు, పెద్ద లారీలకు 55 మైళ్లు హద్దు. నేను కుడి వరుసలోనే ఉంటూ, బ్రేకు తొక్కకుండా, కాలు మెల్లగా తీసి 50కి దించాను. ఊపు పూర్తిగా పోలేదు కాని, ఒకదానిపై ఒకటి పెరగడం ఆగింది.

అమ్మ అన్న మాట వంతెన దాటేవరకు నా తలలో తిరుగుతూనే ఉంది. మా వైపు చెరకు కాలంలో ట్రైలర్ నిండా గడలు వేసుకుని ఫ్యాక్టరీకి పోయే ట్రాక్టర్ల ముందు చక్రాలు గతుకు గతుకుకూ నేలను వదిలి లేవడం, వాటిని అణచడానికి ఇద్దరు కుర్రవాళ్లను బానెట్ మీద కూర్చోబెట్టడం నేను చిన్నప్పుడు రోజూ చూసిన దృశ్యమే. ట్రక్కుకు కూడా అదే జరుగుతోందా లేదా అన్నది తూచి తెలుసుకోదగిన విషయం. మిసిసిపీ నదికి ఇవతల పోర్ట్ అలెన్‌లో ఒక ట్రక్ స్టాప్ దగ్గర ఆగి, లారీలు తూచే కాటా ఎక్కాము. ముందు ఇరుసు, వెనుక ఇరుసు, ట్రైలర్ ఇరుసులు మూడు వేరువేరు పలకల మీద నిలుస్తాయి కనుక ఏ చక్రాల మీద ఎంత బరువుందో విడివిడిగా కాగితం మీద వస్తుంది. తరువాత ట్రైలర్‌ను పక్కన నిలిపి, మేము నలుగురం కూర్చునే, ట్రక్కును మాత్రం మళ్లీ తూచాను.

ట్రైలర్ లేనప్పుడు ముందు చక్రాల మీద 3,320 పౌండ్లు, ఉన్నప్పుడు 2,960. వెనుక చక్రాల మీద 2,540 కాస్తా 3,800 అయింది. లెక్క కడితే హిచ్ మీద, అంటే ట్రక్కు వెనుక ట్రైలర్‌ను తగిలించే కొక్కెం మీద, ట్రైలర్ మోపుతున్న బరువు 900 పౌండ్లని తేలింది. ఇటువంటి ట్రైలర్ మొత్తం బరువులో నూటికి 10 నుండి 15 పాళ్లు హిచ్ మీద పడాలి. మాది 5,420 పౌండ్ల ట్రైలర్, దాదాపు 17 పాళ్లు పడింది. హిచ్ బంతి వెనుక ఇరుసుకు 5 అడుగుల వెనుక ఉంటుంది, రెండు ఇరుసుల మధ్య దూరం 12 అడుగులు. ఏతం కర్ర మీద మనిషి ఒక కొసకు నడిస్తే రెండో కొస లేచినట్లే, వెనుక ఇరుసును ఆధారం చేసుకుని ఆ 900 పౌండ్లు ట్రక్కు ముందుభాగాన్ని లేపుతున్నాయి. దీన్ని సరిచేయడానికే, ఆ బరువులో కొంత ముందు చక్రాలకు మళ్లించేలా, బరువు పంచే హిచ్‌కు స్ప్రింగ్ బార్లనే ఉక్కు కడ్డీలు ఉంటాయి. వాటి గొలుసులను నేను వదులుగా తగిలించాను, అవి ఉండీ లేనట్లే అయ్యాయి.

అయితే బరువు ఒక్కటే చాలదు, దానిని లయగా తట్టేది కూడా ఉండాలి. ఆ తట్టేవి వంతెన కాంక్రీటు పలకల మధ్య అతుకులు. అతుకులు 60 అడుగులకు ఒకటి చొప్పున ఉన్నాయనుకుంటే, గంటకు 60 మైళ్ల వేగంలో సెకనుకు 88 అడుగులు పోతాము కనుక సెకనుకు ఇంచుమించు ఒకటిన్నర తట్లు తగులుతాయి. స్ప్రింగుల మీద కూర్చున్న బండి సహజంగా సెకనుకు ఒకటి రెండుసార్లే ఊగుతుంది. ఆ రెండు లయలూ కలిసినప్పుడు ప్రతి తట్టూ ముందటి ఊపుకే జతపడుతుంది. వేగం 50కి దించితే తట్లు సెకనుకు ఒకటింపావుకు కూడా చేరవు, అందుకే మాకు కొంత ఊరట కలిగింది. నేల మీది కాంక్రీటు పలకలైతే రాత్రి పై ముఖం చల్లబడి అంచులు పైకి ముడుచుకుంటాయి, ఎండవేళ నడుము ఉబ్బుతుంది, కనుక ఒకే దారి పొద్దున ఒకలా, మధ్యాహ్నం ఒకలా తట్టవచ్చు. ఊపును చంపవలసింది షాక్ అబ్జార్బర్లు. మా ట్రక్కువి పాతబడ్డాయి. ట్రైలర్‌కు, చాలా ట్రావెల్ ట్రైలర్లకు లాగే, కమాను పట్టీలు తప్ప షాక్‌లు అసలే లేవు. పక్క కార్లు ఊగకపోవడానికి కారణం ఇదే: అతుకులు అందరికీ ఒకటే, ఆ లయకు లొంగే బరువు మా వెనుక మాత్రమే ఉంది.

న్యూ ఆర్లీన్స్ అవతల బయూ సెగ్నెట్ స్టేట్ పార్కులో మూడు రోజులు ఉన్నాము. తిరుగు ప్రయాణానికి ముందు తొట్టిలోని నీళ్లు వదిలేశాను, ఒక్క ఆ నీళ్లే 330 పౌండ్లు. బియ్యం బస్తా, గ్రైండరు తెచ్చి సరిగ్గా ఇరుసుల మీదకు వచ్చేలా కింద పెట్టాము. స్ప్రింగ్ బార్ల గొలుసులను ఒక లంకె బిగించి, టేపు పట్టి ముందు చక్రం పైనున్న అంచు ఎత్తు కొలిచాను. ట్రైలర్ తగిలించక ముందు 37 అంగుళాలు, తగిలించాక 37కి పావు అంగుళం మాత్రమే ఎక్కువ. పోర్ట్ అలెన్ కాటా మీద ముందు చక్రాల బరువు తిరిగి 3,200 పౌండ్లకు చేరింది.

వంతెన మళ్లీ ఎక్కాము. 55 దగ్గర వేగం నిలిపి, అతుకుల చప్పుడు వింటూ పోయాను. ట్రక్కు ఒక్కోసారి తల ఊపుతూనే ఉంది, పాత షాక్‌లు మార్చేదాకా అది తప్పదు, కాని ఒకసారి ఊగి వెంటనే నిలిచిపోతోంది. సగం దారిలో అద్దంలోకి చూశాను. అమ్మ పిడిని ఎప్పుడో వదిలేసింది. కిటికీకి ముఖం ఆనించి, మనవరాలితో పాటు సైప్రస్ చెట్ల మీది కొంగలను లెక్కపెడుతోంది.