మా హాలుకు రిసీవరు ఎంచుకోవడానికి రెండు నెలలు పట్టింది

నాన్నగారికి డెబ్బై దాటిన తరువాత సినిమాలో మాటలు స్పష్టంగా వినిపించడం తగ్గింది. మాటల కోసం టీవీ వాల్యూమ్ పెంచితే పాట రాగానే ఇల్లు దద్దరిల్లేది, తగ్గిస్తే ఆయన "ఏమన్నాడు?" అని పక్కనున్న అమ్మను అడిగేవారు. సంభాషణలు ఎక్కువగా మధ్య స్పీకరు నుంచే వస్తాయి కనుక దానిని విడిగా పెంచుకోగలిగే 5.1 (ఐదు స్పీకర్లు, లోతైన బాస్ శబ్దాలకు ఒక సబ్‌వూఫరు) ఏర్పాటు చేయాలని నిశ్చయించుకున్నాను. స్పీకర్లు త్వరగానే కుదిరాయి, చిక్కంతా టీవీ, ప్లేయరుల ధ్వనిని తీసుకుని ఆ స్పీకర్లను నడిపే పెట్టె, అంటే రిసీవరు దగ్గర వచ్చింది.

మొదట నేనూ వాట్లే చూశాను. అట్టపెట్టె మీద ఛానెల్‌కు (ఒక్కో స్పీకరుకు) 150 వాట్లని పెద్ద అక్షరాలతో ఉన్న ఒక రిసీవరుకు అడ్వాన్సు ఇవ్వబోయి, ఒక రోజు ఆగి దాని మాన్యువల్ చివరి పేజీ చదివాను. ఆ 150 వాట్లు ఒక్క ఛానెలే పనిచేస్తుండగా, 6 ఓమ్‌ల (స్పీకరు నిరోధం) దగ్గర, 1 కిలోహెర్ట్జ్ ధ్వనికి, 10 శాతం డిస్టార్షన్‌తో (ధ్వని చెదిరిపోవడంతో) కొలిచినవి. రెండు ఛానెళ్లు కలిసి పనిచేస్తూ, 8 ఓమ్‌ల దగ్గర, 20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్ వరకు, 0.08 శాతం డిస్టార్షన్‌తో అది ఇచ్చేది 75 వాట్లే. ఆ రోజు నుంచి ఏ రిసీవరుకైనా ఈ రెండవ రకం కొలతనే తీసుకుని పోల్చాను. నిజానికి మాకు అదీ ఎక్కువే. వాట్లు రెట్టింపైతే శబ్దం పెరిగేది 3 డెసిబెల్సే. మా స్పీకర్ల సెన్సిటివిటీ (ఒక వాటుకు ఒక మీటరు దూరంలో వినిపించే శబ్దం) 88 డెసిబెల్స్ కనుక, తొమ్మిది అడుగుల దూరంలో కూర్చునే మాకు లెక్క ప్రకారం 16 వాట్లకే శబ్దం 90 డెసిబెల్స్ దాటుతుంది, అది ఇంట్లో చాలా పెద్ద శబ్దమే.

డాలస్‌లో ఉన్న మా బాబాయి కొడుకు అక్కడ ధర తక్కువని, వచ్చేటప్పుడు తెస్తానని ప్రేమగా అన్నాడు. అక్కడి మోడళ్లు 120 వోల్టులకు చేసినవి, మన కరెంటు 230 వోల్టులు; పైగా అక్కడి వారంటీ ఇక్కడ చెల్లుతుందన్న భరోసా లేదు. వద్దని చెప్పాను.

టీవీ ధ్వనిని హెచ్‌డీఎంఐ తీగ గుండా రిసీవరుకు పంపే ఏర్పాటును ఆర్క్ అంటారు; మా టీవీకి దాని కొత్త రూపమైన ఈఆర్క్ లేదు, పాత ఆర్క్ మాత్రమే ఉంది. ఓటీటీలో వచ్చే డాల్బీ డిజిటల్ ప్లస్ అనే ధ్వని రూపానికి అది చాలు. బ్లూరే డిస్కులలోని, ఇంకా నాణ్యమైన డాల్బీ ట్రూహెచ్‌డీ మాత్రం ఆర్క్ గుండా రాదు కనుక, ప్లేయరును నేరుగా రిసీవరుకే కలపగలిగేలా మూడు హెచ్‌డీఎంఐ ఇన్‌పుట్‌లు ఉన్నది, గదిని కొలిచే మైకు కూడా ఇచ్చేది తీసుకున్నాను.

ఆ మైకు విలువ బిగించిన రోజు తెలిసింది. ఫ్యాను, ఏసీ ఆపి, నాన్నగారు కూర్చునే కుర్చీలో ఆయన చెవి ఎత్తుకు దానిని స్టాండుపై నిలిపి కొలత మొదలుపెట్టాను. ఏడు అడుగుల దూరంలో ఉన్న సబ్‌వూఫరును రిసీవరు పదకొండు అడుగులని చూపగానే పొరపాటు అనుకున్నాను, కానీ సబ్‌వూఫరు లోపలి సర్క్యూట్ వల్ల శబ్దం ఆలస్యమవుతుంది, ఆ ఆలస్యాన్నే రిసీవరు దూరంగా లెక్కిస్తుంది. కాబట్టి ఆ అంకెను అలాగే ఉంచాలి. ముందువైపు స్పీకర్లను అది 'లార్జ్' (బాస్ కూడా మోయగలవి) అని గుర్తించింది; దానిని మాత్రం 'స్మాల్'గా మార్చి, క్రాసోవర్ (అంతకంటే లోతైన శబ్దాలను సబ్‌వూఫరుకు పంపే హద్దు) 80 హెర్ట్జ్ పెట్టాను. రిసీవరు పైభాగం నుంచి వచ్చే వేడి బయటకు పోవడానికి వడ్రంగి చేత షెల్ఫు వెనుక పలక తీయించాను.

చివరగా మధ్య స్పీకరును 2 డెసిబెల్స్ పెంచాను. ఆ రాత్రి సినిమా సగంలో నాన్నగారు రిమోటు అడిగి తీసుకుని, వాల్యూమ్ రెండు అంకెలు తగ్గించారు.